పడవెక్కిన రేవు స్టేషను

గోదావరి కాలువల మీద పడవ ప్రయాణం హాయిగా ఉంటుందని చెప్పేవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో ఒక్కరూ ఎండాకాలంలో కలప దొంతర మీద కూర్చుని, లాకు లాకుకూ మాట పడుతూ వెళ్ళినవాళ్ళు కారు. నేను వెళ్ళాను. నాతోపాటు ఒక రైలు స్టేషను కూడా వచ్చింది. అది ఎలా బయల్దేరిందో, ఎంత మిగిలి చేరిందో ఆ దారి తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. దారిలో నన్ను చిన్నబుచ్చినవాళ్ళు కూడా ఇందులో కనిపిస్తారు. వాళ్ళలో చాలామంది పేర్లు రాయడం లేదు. చదివితే వాళ్ళకే తెలుస్తుంది.

నా పేరు యాకోబు. పెద్దాపురంలో మిషను బడి పంతుల్ని. వంతెన కట్టకముందు రైలు గోదావరికి ఇటు ఒడ్డున ఒకసారి, అటు ఒడ్డున ఒకసారి ఆగిపోయేది. నడుమ ఏరు స్టీమరు మీద దాటాలి. కొవ్వూరు వైపు రేవులో, ఏటి ఒడ్డునే, స్టీమరు కోసం కాచుకునేవాళ్ళకు కంపెనీవారు ఒక కొయ్య హాలు కట్టించారు. పన్నెండు టేకు స్తంభాలు, పైన పెంకులు, ఒక మూల టిక్కెట్లిచ్చే గది. అదే రేవు స్టేషను.

రైలు వచ్చిన రెండో ఏటి వానాకాలంలో నేనూ నా భార్య మార్తమ్మా ఆమె పుట్టింటి నుంచి తిరిగి వస్తున్నాం. ఆమెకు జ్వరం. స్టీమరు ఆలస్యం. హోరున వాన. మా దగ్గర టిక్కెట్లున్నాయి. లోపల కూర్చున్న పెద్దమనుషులు మాది ఏ ఊరని అడిగారు, ఊళ్ళో ఎక్కడని అడిగారు. చెప్పాను. వెంటనే జవాన్ని పిలిచారు. జవాను మమ్మల్ని చూరు కిందికి పంపాడు. బల్ల మీద ముగ్గురికి సరిపోయే చోటు ఖాళీగా ఉంది. రెండు గంటలసేపు ఆ చోటును నేను చూస్తూనే ఉన్నాను. మార్తమ్మ మూడోనాడు పోయింది.

నేను కంపెనీకి తొమ్మిది అర్జీలు రాశాను. పెద్దాపురంలో నాకు అర్జీల పంతులని పేరొచ్చింది. పెట్టినవాడెవడో కూడా నాకు తెలుసు. తొమ్మిదో అర్జీ తర్వాత హాలులో ఒక కొయ్య పలక వేలాడగట్టారు. టిక్కెట్టు గల ప్రతివారూ ఈ కప్పు కింద కూర్చోవచ్చునని దాని మీద రాశారు. కింద దొర సంతకం. ఆ వారమే టిక్కెట్టు కొని, ఎక్కడికీ వెళ్ళకుండా, పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఆ బల్ల మీద కూర్చున్నాను. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. నేను లేవలేదు.

వంతెన కట్టడం పూర్తయింది. రేవుతో పని లేకుండా పోయింది. హాలును పడగొట్టి వంటచెరకు కింద అమ్మేస్తారని తెలిసి పదో అర్జీ రాశాను. దాన్ని మార్తమ్మ పుట్టిన ఊరికి తరలించుకుంటామని, ఊరవతల మావాళ్ళుండే పేటలో మళ్ళీ నిలబెట్టుకుంటామని. అక్కడ బడైనా ప్రార్థనైనా తాటాకుల పాకలోనే. ఏటేటా ఎండాకాలంలో ఆ పాక అంటుకుంటుంది, పేట మళ్ళీ కడుతుంది. పది రోజుల్లో విప్పి తీసుకుపోవాలని జవాబొచ్చింది. ఈస్టరు పండగ మర్నాడే బయల్దేరాను.

రాజమండ్రి

సామర్లకోటలో రైలెక్కి మధ్యాహ్నానికి రాజమండ్రిలో దిగాను. పూటకూళ్ళ ఇంటికి వెళితే వీధి అరుగు కింద విస్తరి వేశారు. అన్నం, పప్పు, వంకాయ కూర, పల్చటి చారు. భోజనం రెండణాలు. లోపల కూర్చున్నవాళ్ళకు నెయ్యి వడ్డించడం గుమ్మంలోంచి కనిపిస్తూనే ఉంది. నా దగ్గరికి నెయ్యి రాలేదు. నా దగ్గరా రెండణాలే తీసుకున్నారు.

వంతెన మీద రైలు ఏటిని దాటడానికి చుట్ట కాల్చేంతసేపు కూడా పట్టలేదు. పక్కన కూర్చున్న బట్టల వర్తకుడు చేతులు జోడించి గోదావరికి దణ్ణం పెట్టి, నావైపు తిరిగాడు.

"ఇంక ఆ స్టీమరు పీడ వదిలిందండి. ఆ రేవులో పడిగాపులు కాయలేక చచ్చేవాళ్ళం."

"అవునండి, చచ్చేవాళ్ళం" అన్నాను.

ఆయన నవ్వాడు. కిటికీలోంచి కింద ఒడ్డున హాలు కనిపించింది. అప్పటికే ఒక పక్క పెంకులు దింపేసి ఉన్నాయి.

కొవ్వూరు రేవు

హాలు విప్పడానికి నలుగురు వడ్రంగులను అడిగించాను. పేటకు వచ్చి మళ్ళీ నిలబెట్టాలనేసరికి నలుగురూ వెనక్కి తగ్గారు. ఐదోవాడు వీరాచారి. విజ్జేశ్వరం దగ్గర అతని ఇల్లు. యాభై దాటిన మనిషి, మాట మోటు.

"ఇది కట్టినప్పుడు మా అయ్యే పెద్ద మేస్త్రి. పోలవరం పైనుంచి తెప్పలుగా వచ్చిన టేకులో ఒక్కో దుంగా ఏరి తీశాడు. వేరేవాడు గునపంతో పీకితే నేను చూడలేను. వస్తాను. కానీ నా వంట నాది, నా పడక చెట్టుకింద. దానికి నువ్వేం అనుకోకూడదు మేస్టరూ."

అనుకోనని చెప్పాను. నన్ను నువ్వు అనడం మాత్రం గుర్తుపెట్టుకున్నాను. అతని కంటే నేను రెండేళ్ళు పెద్ద.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. మర్నాడు పొద్దున్న వీరాచారి ఉలికి పసుపు రాసి దణ్ణం పెట్టుకుని, హాలు చుట్టూ తిరుగుతూ స్తంభాలకు గుర్తులు పెట్టడం మొదలెట్టాడు. ఏ స్తంభం ఏ చోట నిలవాలో తెలియడానికి దాని మీద ఉలితో గాట్లు పెడతారు. ఒకటో స్తంభానికి ఒక గాటు, రెండోదానికి రెండు, అలా పన్నెండు దాకా. పక్కన నిలబడి చూడాల్సినవాణ్ణి. కానీ హాలులోకి అడుగుపెట్టగానే గోడకు పలక కనిపించలేదు. కాపలావాడి గుడిసెకు వెళ్ళాను.

"పలకా?" అన్నాడు వాడు. "మొన్న అన్నం ఉడకలేదండి, పొయ్యిలో పెట్టేశాం. మంచి టేకండి, బాగా మండింది."

"దొర సంతకం ఉంది దాని మీద."

"సంతకం కూడా బాగానే మండిందండి."

వాడితో మధ్యాహ్నం దాకా పోట్లాడాను. స్టేషను మాస్టరు దగ్గరికి వెళ్ళి రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చాను. ఆయన నాకు కుర్చీ చూపించలేదు, నిలబడే రాశాను. తిరిగొచ్చేసరికి గుర్తులు పెట్టడం అయిపోయింది.

"ఎటునుంచి ఎటు లెక్క పెట్టారు?" అని వీరాచారిని అడిగాను.

"నీకెందుకు మేస్టరూ? నిలబెట్టేది నేనే కదా" అంటూ ఉలి తుడుచుకున్నాడు.

అప్పుడే గట్టిగా అడిగి ఉంటే చెప్పేవాడు. నీకెందుకు అన్నాడు కదా అని నేను అడగలేదు.

విప్పడానికి నాలుగు రోజులు పట్టింది. వీరాచారి పనితనం గురించి తక్కువ చేసి రాయను. దూలం రంధ్రంలో దిగే స్తంభం కొసను కుసి అంటారు. పన్నెండు కుసుల్లో ఒక్కటి కూడా చిట్లకుండా, కొయ్యసుత్తితో తడుతూ, చెవి ఆనించి వింటూ విప్పాడు. ఒక్కో కుసి ఒక్కో మందం. వాళ్ళ అయ్య ఏ రంధ్రానికి ఆ కుసిని విడిగా చెక్కాడట. "ఇవి మొగుడూ పెళ్ళాల్లాంటివి. దీన్ని దానికి పెడితే కాపురం చెయ్యవు" అన్నాడు.

విజ్జేశ్వరం లాకులు

పడవ సరంగు పేరు వెంకన్న. నల్లగా, సన్నగా, నోరు మూతపడని మనిషి. కలప అడుగున, పెంకులు పైన, వాటి మీద మేం. ఏటివాలున విజ్జేశ్వరం దాకా వచ్చి, అక్కడ లాకులోంచి కాలువలోకి దిగాలి. లాకు చూడనివాళ్ళకు చెబుతున్నాను. ఎత్తైన రాతిగోడల నడుమ పడవను నిలిపి ముందూ వెనకా తలుపులు మూస్తారు. నీళ్ళు మెల్లగా వదులుతారు. పడవ బావిలోకి దిగినట్టు దిగుతుంది. కింది తలుపు తెరుచుకుంటే కాలువ.

మేం వరసలో మూడోవాళ్ళం. పొద్దున వచ్చిన మమ్మల్ని మధ్యాహ్నం దాకా ఆపి, మా వెనక వచ్చిన ఒక దొర పడవను, ఆ వెనక వచ్చిన ఒక జమీందారు బియ్యం పడవనూ ముందు పంపారు. లాకు గుమాస్తా పై గట్టు మీద గొడుగు కింద కూర్చుని, నేనడిగిన ప్రతి ప్రశ్నకూ తమలపాకు నములుతూ తల ఊపాడు. దేనికి అవునో, దేనికి కాదో తెలియలేదు.

చివరికి మా వంతు వచ్చింది. దిగేటప్పుడు తాడు జారి పడవ గోడకు కొట్టుకుంది. వెనకవైపు మూడు రాళ్ళ పొయ్యి మీంచి వీరాచారి అప్పుడే దింపిన అన్నం కుండ బోర్లాపడి, అన్నమంతా లాకు నీళ్ళలో తేలింది. తెల్లవారుజాము నుంచి అతను ఏమీ తినలేదు. నా దగ్గర చద్దన్నం ఉంది, పెరుగుంది, మామిడికాయ ముక్క ఉంది. విస్తరాకులో సగం పెట్టి అతని ముందుకు జరిపాను.

వీరాచారి దానివైపు చూశాడు. ఆకలి అతని మొహంలోనే కనిపించింది. తర్వాత చెయ్యి అడ్డంగా ఊపాడు.

"వద్దు మేస్టరూ. నీ చేతి అన్నం తిన్నానని తెలిస్తే రేపు మా ఊళ్ళో ఒక్క గుమ్మం నా చేత పెట్టించుకోరు. మంచం కోడు కూడా చెక్కించుకోరు."

"ఇక్కడ చూసేదెవరు?"

"వెంకన్న లేడా? వాడి నోరు లాకు తలుపు కాదు మూసుకోడానికి."

వెంకన్న పగలబడి నవ్వాడు. పడవను తాడుతో లాగే అతని మనుషులిద్దరూ నవ్వారు. నాకు ఆ నవ్వు వినిపించలేదు. చూరు కింద ఆ రెండు గంటల వాన వినపడింది. వంట నాదేనని అతను ముందే చెప్పాడు, నేను ఒప్పుకున్నాను. అయినా అన్నాను.

"నా అన్నం పనికిరానివాడికి నా పనీ పనికిరాదు. దిగిపో."

"ఎండ నెత్తికెక్కిందా?"

"దిగిపో అన్నాను."

అతను నా మొహం చూసి నేను నిజంగానే అంటున్నానని తెలుసుకున్నాడు. పనిముట్ల సంచి భుజానేసుకున్నాడు.

"గుర్తులు నేను పెట్టినవి. నువ్వు పోల్చుకోలేవు."

"ఇరవై ఏళ్ళ నుంచి బడి చెబుతున్నాను. పన్నెండు దాకా లెక్కపెట్టలేనా?"

 వీరాచారి కింది గట్టుకు ఎక్కి, ఎండలో, ఖాళీ కడుపుతో ఇంటివైపు నడిచాడు.

"మీ పేటకొచ్చి కడతానన్న వడ్రంగి ఇంకొకడు దొరుకుతాడేంటండీ?" అన్నాడు వెంకన్న చాలాసేపటి తర్వాత.  ఆ చద్దన్నం నేనూ తినలేదు.

నిడదవోలు

కాలువ మీద గాలి లేకపోతే పడవను మనుషులే లాగుతారు. గట్టు మీద తాడు భుజానికి తగిలించుకుని, ముందుకు వంగి, కాళ్ళ కింద చూసుకుంటూ నడుస్తారు. రెండు వైపులా కోసిన చేలు, కొబ్బరి తోటలు. మా మెట్టలో ఈ రోజుల్లో చోడి అంబలి తాగి గడుపుతాం. ఇక్కడ కూలివాడు కూడా పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. అన్నం ఎక్కువైనచోట మనుషుల మనసు మెత్తబడుతుందని మెట్టవాళ్ళం అనుకుంటాం. అది నిజం కాదు.

నిడదవోలు రేవులో ముంజలమ్మే ముసలామె మా పడవ చూసి ఆశ్చర్యపోయింది.

"ఏంటయ్యా ఇది, ఇల్లా?"

"రైలు స్టేషనమ్మా" అన్నాడు వెంకన్న.

"మరి రైలేదీ?"

"వెనకాల ఈదుకుంటూ వత్తంది."

ఆమె నోట్లో పొగాకు కింద పడేంతగా నవ్వి, కానీకి నాలుగు ఇచ్చే ముంజలు ఐదు ఇచ్చింది. ఈ దారి మొత్తంలో నాకు అడగకుండా ఎక్కువ ఇచ్చింది ఆమె ఒక్కతే. ఇవ్వడమే కాక ఒక మాట కూడా చెప్పింది.

"తొందరగా పోండి నాయనా. శనివారం కాలువ కట్టేత్తారంట."

ఎండాకాలంలో కాలువలకు నీళ్ళు ఆపి మరమ్మతులు చేస్తారు. మళ్ళీ వదిలేది వానలకే. ఆ రోజు గురువారం. వెంకన్న మొహంలో నవ్వు పోయింది. నీళ్ళు ఆగేలోపు తిరిగి రాలేకపోతే నెలన్నర పాటు అతని పడవ బురదలోనే.

పేరు రాయని ఊరు

శుక్రవారం మధ్యాహ్నానికి ఊరు చేరాం. ఆ ఊరి పేరు రాయను. రాస్తే అక్కడి పెద్దలకు గౌరవం ఇచ్చినట్టవుతుంది. కాలువ మీద ఒకటే రేవు, అది ఊరివాళ్ళది. పేట అక్కణ్ణుంచి మైలు లోపలికి. కలప దించడం మొదలెట్టగానే మునసబు వచ్చాడు. వెనక పదిమంది.

"ఏంట్రా ఇదంతా?"

నేను కంపెనీ కాగితం చూపించాను. ఆయన కాగితం అందుకోలేదు. చేతిలో పడితే అంటుతుందన్నట్టు దూరం నుంచే చూశాడు.

"మీ పేట సరుకు మా రేవులో దించితే మా ఆడవాళ్ళు నీళ్ళకెలా వస్తారు?"

"కాలువ సర్కారుదండి. రేవు కూడా."

"అయితే సర్కారుకు అర్జీ పెట్టుకో. వచ్చేదాకా పడవ తియ్యి."

నా పేరు ఇంత దూరం ఎలా చేరిందో తెలియదు, వెనక ఒకడు "అర్జీల పంతులు" అన్నాడు. అందరూ నవ్వారు. వెంకన్న పడవ తీసి అరమైలు కిందికి, గట్టు నిటారుగా ఉన్నచోట ఆపాడు. అక్కణ్ణుంచి స్తంభాలు పైకెక్కించడం మనుషుల వల్ల కాదు. 

బురద

శనివారం పొద్దుటికి నీళ్ళు తగ్గడం మొదలైంది. మధ్యాహ్నానికి పడవ ఒరిగి బురదలో కూరుకుంది. మా మెట్టలో ఇలాంటిది చూడలేదు గనుక రాస్తున్నాను. కాలువ కట్టిన రోజు ఊరంతా అందులోకి దిగుతుంది. బుట్టలు, పంచెలు, చీరకొంగులు, ఏది దొరికితే దానితో చేపలు పడతారు. మునసబు తమ్ముడు మోకాళ్ళ దాకా బురదలో కొర్రమీను కోసం పాకుతున్నాడు. అతనికి రెండు బారల దూరంలో పేటవాళ్ళు. చేపలు పట్టేటప్పుడు ఎవరి బురద ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఆ అదనులోనే కలప దించి, కాలువ అడుగునే రేవు దాకా మోసి ఒడ్డెక్కించాం. పేటలో ప్రార్థన జరిపించే ఉపదేశి దావీదు, ముప్పై ఏళ్ళ బలమైన మనిషి, మొదటి స్తంభం భుజానికెత్తుకున్నాడు. ఆడవాళ్ళు పెంకులు మోశారు. మార్తమ్మ తల్లి సంతోషమ్మ ఒక్కో పెంకూ కొంగుతో తుడిచి గంపలో పెట్టింది. ఆమెకు డెబ్బై ఏళ్ళు. నాతో ఎక్కువ మాట్లాడదు. కూతుర్ని వానలో ఉంచానని నా మీద కోపమో, కాదో ఇన్నేళ్ళలో చెప్పలేదు. ఆ రోజు ఒక స్తంభం మీద చెయ్యి వేసి, "దీని చూరు కిందేనా?" అని మాత్రం అడిగింది.

"ఇక లోపలే అత్తా. పేట మొత్తం లోపలే" అన్నాను.

పేట

పన్నెండు గోతులు తవ్వాం. దావీదు అడిగాడు, "ఒకటో స్తంభం ఎక్కడండీ మేస్టారూ?"

నేను తలుపు రావలసిన చోట నిలబడ్డాను. లోపలికి వచ్చేవాడికి ఎడమ చేతివైపు మొదటిది ఒకటి. అక్కణ్ణుంచి కుడికి, తర్వాత రెండో వరస, పుస్తకంలో చదువుకున్నట్టు. బడి పంతులు ఇంకెలా లెక్కపెడతాడు? వెంకన్న తవ్విన మట్టి కుప్ప మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఏనుగు వెళ్ళి తోక దగ్గర చిక్కిందండి. ఆచారికి కబురెట్టండి. గట్టెంబడి రెండు రోజుల నడక. నేనే ఎళ్తాను."

"అక్కర్లేదు" అన్నాను.

కొన్ని కుసులు రంధ్రాల్లో దిగలేదు. చెక్కించాను. కొన్ని వదులుగా ఉన్నాయి. మేకులు, చీలికలు దూర్చి బిగించాం. పాత కలప తేమకు ఉబ్బిందని, ఎండకు ఎండిందని ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పాను. ఏడు స్తంభాలు అలా చెక్కాం. దావీదు ఒకసారి ఉలి ఆపి, "ఇన్ని తేడాలుంటాయంటారా?" అన్నాడు. చెక్కమన్నాను. చెక్కాడు.

బుధవారం నడిమి దూలం ఎత్తాం. ఎనిమిదిమంది తాళ్ళు పట్టారు. దూలం కూర్చుంది. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. రెండో దూలం సగం ఎక్కగానే చీలిక దూర్చిన స్తంభం పక్కకు వాలింది. దాని వెనక ఇంకొకటి. నేను అరిచాను. మూడు స్తంభాలు, రెండు దూలాలు ఒకేసారి కూలాయి. దూలాలు నడిమికి చీలిపోయాయి. దావీదు కాలు వాటి కింద ఉంది.

కట్టు కట్టే మనిషి వచ్చి కోడిగుడ్డు సొన పూసి వెదురు బద్దలతో కట్టాడు. ఎముక రెండుచోట్ల విరిగిందన్నాడు. దావీదు ఇప్పటికీ సరిగా నడవడు. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అతని భార్య అంది. ఆమె అన్న మాటల్లో ఒక్కటీ పొల్లు కాదు, అందుకని నన్ను చిన్నబుచ్చినవాళ్ళ లెక్కలో ఆమెను రాయడం లేదు.

వెంకన్న ఆ సాయంత్రమే ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఇంటికనుకున్నాం.

ఐదోనాడు పొద్దున్న ఎండిన కాలువ అడుగున ఇద్దరు నడిచి వస్తున్నారు. ఒకడు వెంకన్న. రెండోవాడి భుజాన పనిముట్ల సంచి. వీరాచారి నన్ను పలకరించలేదు. కూలిన కలప చుట్టూ తిరిగాడు. చెక్కిన కుసులను వేలితో తడిమాడు. చాలాసేపు అలా తడుముతూనే ఉన్నాడు.

"ఎక్కణ్ణుంచి లెక్కపెట్టావు?"

"తలుపు దగ్గర్నుంచి."

"ఈశాన్యం మూల నుంచి పెట్టాలి. అక్కణ్ణుంచి ప్రదక్షిణంగా. ఏ వడ్రంగైనా అంతే. పసిపిల్లాడికి కూడా తెలుసు."

"మాకు ఆ దిక్కుల పట్టింపు లేదు."

"నీకు లేకపోతే కలపకు ఉండదా? పెట్టినవాడికి ఉంది కదా."

 అతను చిన్న దుంగ మీద కూర్చున్నాడు.

"మా అయ్య చెక్కిన కుసి ఇది. చూడు, వంకాయ తరిగినట్టు తరిగారు." కుసి మీది నుంచి చెయ్యి తీశాడు. "ఆకలిగా ఉన్నవాణ్ణి ఎండలోకి దింపేశావు."

"అవును" అన్నాను.

నేను అతనికి కబురు పంపలేదు. పంపి ఉండాల్సింది. ఈ రెండు ముక్కలూ కాగితం మీద పెట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

సంతోషమ్మ కొత్త కుండ, బియ్యం, పప్పు, వంకాయలు తెచ్చి తుమ్మచెట్టు కింద పెట్టి దూరంగా నిలబడింది. వీరాచారి వండుకున్నాడు. తిన్నాక కలప వేరు చేశాడు. చెక్కని స్తంభాలు ఐదు. చెక్కినవాటిలో బాగుచెయ్యగలిగింది ఒకటి. మొత్తం ఆరు. పొడుగు దూలాలు పోయాయి గనుక సగం హాలే నిలుస్తుంది. పన్నెండు రోజులు పనిచేశాడు. ఈసారి ప్రతి గాటు దగ్గరా నేను పక్కనే నిలబడ్డాను. అతను అడగకుండానే చెప్పాడు, ఇది ఈశాన్యం, ఇది ఆగ్నేయం అని. నన్ను నువ్వు అంటూనే చెప్పాడు. మిగిలిన సగానికి కలప సంపాదిస్తే వస్తావా అని అడిగితే, అంత టేకు ఇక దొరకదన్నాడు. శనివారం కాలువ అడుగునే వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆదివారం. పేట అంతా తలంట్లు పోసుకుని వచ్చింది. చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్ళు ముందు వెళ్ళారు. దావీదును మంచంతో సహా లోపలికి మోశారు. అంతటితో హాలు నిండిపోయింది. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు నిలబడగా, మిగిలిన సగం పేట బయట నేల మీద కూర్చుంది. తొమ్మిది గంటలకే ఎండ చురుక్కుమంటోంది. చూరు నీడ జానెడు.

సంతోషమ్మ ఆలస్యంగా వచ్చింది. జనం వెనక, ఎండలో, కొంగు నెత్తిమీదికి లాక్కుని కూర్చుంది. నేను లేచి వెళ్ళాను.

"లోపలికి రా అత్తా. చోటు చేయిస్తాను."

ఆమె తలెత్తి చూసింది.

"ఎవర్ని లేపి?"

నేను లోపలికి చూశాను. పాట మొదలైంది. గుమ్మంలోవాళ్ళు నాకు దారివ్వడానికి పక్కకు జరగబోతున్నారు. వద్దని చెయ్యి ఊపి, ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.